పైపు నంబరు 417

మధ్యాహ్నం ఒంటిగంట దాటి పది నిమిషాలైంది. నాలుగింటికి గ్యాస్ కంపెనీ వాల్వ్‌మన్‌ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఒకసారి నిలబెట్టారంటే ఇక జైలే. కేసు తేలేసరికి అతని జుట్టు తెల్లబడుతుంది. ముగ్గుర్ని పొట్టన పెట్టుకున్నాడన్న మాట మాత్రం, కేసు తేలినా తేలకపోయినా, అతని వెంటే ఉంటుంది.

అతని భార్య నా పక్కనే నిలబడి ఉంది. మంగళవారం నుంచి పోలీస్ స్టేషన్ మెట్ల మీద కూర్చుని కూర్చుని, ఈ పొద్దున లేచి నా ఇంటికి వచ్చింది. డిటెక్టివ్ అంటే ఏం చేస్తాడో ఆవిడకి తెలుసని నేననుకోను. నా గుమ్మంలో నిలబడి చెప్పింది ఒకటే ముక్క.

"మా ఆయన స్టవ్ ఆపాక కూడా లేచి వెళ్ళి ఇంకోసారి చూసొస్తాడు, అన్నయ్యగారూ. అలాంటి మనిషి వీధి వీధంతా వదిలేసి వచ్చేస్తాడా?"

ఈ మాట కోర్టులో చెల్లదు. నా దగ్గర చెల్లింది.

మా ఎదురుగా ఉన్నది వీధి మొదట్లోని రెగ్యులేటర్ పెట్టె. మనిషెత్తు ఇనుప పెట్టె, బూడిదరంగు పెయింటు. పెద్ద పైపులోంచి బలంగా వచ్చే గ్యాస్‌ని ఇది అదుపు చేసి, ప్రెషర్ సరిగ్గా వంద దగ్గర ఉంచి వీధిలోకి పంపుతుంది. వంద ఏమిటని ఇంజనీర్లని అడిగితే మిల్లీబార్లు అంటారు. నాకు వంద చాలు.

కేసు ఇదీ. మంగళవారం ఉదయం 5:40కి వాల్వ్‌మన్ వారం వారం చేసే తనిఖీకి వచ్చి ఇక్కడి పుస్తకంలో సంతకం పెట్టాడు. 6:05కి వెళ్ళిపోయాడు. 6:40కి వీధిలో తొమ్మిదో ఇల్లు పేలింది. దర్జీ, అతని భార్య, అతని తల్లి పోయారు. పాలకని బయటికి వెళ్ళిన కూతురు పాల ప్యాకెట్లతో తిరిగొచ్చేసరికి ఇల్లు లేదు. పేలిన అయిదు నిమిషాలకి వాల్వ్‌మన్ ఈ పెట్టె వైపు పరుగెత్తుకుంటూ రావడం నలుగురు చూశారు. వీధికి గ్యాస్ ఆపడానికి వచ్చానంటాడు అతను. తన తప్పు కప్పిపెట్టుకోవడానికి వచ్చాడంటారు వాళ్ళు.

తప్పంటే బైపాస్. రెగ్యులేటర్‌ని తప్పించి గ్యాస్‌ని నేరుగా వీధిలోకి వదిలే పక్కదారి అది. దాన్ని తెరిచి మూయడం మర్చిపోయాడట. ప్రెషర్ పెరిగి దర్జీ ఇంట్లో పాత జాయింటు ఊడిందట. దీనికి సాక్షి మనిషి కాదు, కంపెనీ సాఫ్ట్‌వేర్. ఆ పొద్దున 6:15కి వీధి చివర ఉన్న రికార్డర్‌లో ప్రెషర్ ఎనభై. సాఫ్ట్‌వేర్ లెక్క ప్రకారం అక్కడ ఉండాల్సింది యాభై అయిదు. మిగతా ఇరవై అయిదు బైపాస్ తెరిస్తేనే వస్తుందని కంపెనీ గ్రాఫు గీసి ఇచ్చింది. పోలీసులు దాన్ని కళ్ళకద్దుకున్నారు.

పెట్టె దగ్గర కాపలా ఉన్నవాడు దాని తలుపు తీశాడు. నేను టార్చి పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను.

బైపాస్ చక్రానికి గొలుసు, గొలుసుకి తీగ, తీగకి సీసపు బిళ్ళ. బిళ్ళ మీద నంబరు: 2281. పుస్తకం తిరగేశాను. 2281 బిగించింది ఎనిమిది నెలల క్రితం. తెంపితే అదే నంబరు మళ్ళీ రాదు. అయినా నంబర్ల మీద నాకు మోజు లేదు, నంబర్లు మనుషులే వేస్తారు. తీగని దగ్గరగా చూశాను.

పెట్టెకి ఈమధ్యే పెయింటు వేశారు. తలుపు లోపల తేదీ అచ్చు వేసి ఉంది, ఇరవై మూడు రోజుల క్రితం. వేసినవాడు బద్ధకస్తుడు, దేన్నీ విప్పలేదు. చక్రం, గొలుసు, తీగ, అన్నిటి మీదా ఒకే చేత్తో పులిమేశాడు. తీగ గొలుసులోంచి దూరే చోట పెయింటు రెంటినీ కలిపి గడ్డకట్టి ఉంది. టార్చి పక్కనుంచి కొట్టి చూశాను. వెంట్రుకవాసి పగులు లేదు. ఆ బద్ధకస్తుడికి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

"బావా, టేపు కట్టిన చోట నీకేం పని?"

నన్ను బావా అని పిలిచే మగాడు లోకంలో ఒక్కడే, నా భార్య తమ్ముడు. ఈ కేసు ఇన్‌స్పెక్టరు వాడే. వాడు పోలీసుల్లో చేరేనాటికి నేనూ అక్కడే ఉన్నాను. తొమ్మిదేళ్ళ క్రితం నేను బయటికి వచ్చేశాను, వాడు ఉండిపోయాడు. అప్పట్నుంచి పెళ్ళిళ్ళలో ఎదురుపడితే కూరల రుచి గురించి మాట్లాడుకుంటాం.

"రండి ఇన్‌స్పెక్టర్ గారూ, కాస్త వంగి ఈ తీగ చూడండి."

"చూశాను. సీలు ఉంది. పేలాక పరుగెత్తుకొచ్చి మళ్ళీ బిగించాడు."

"అదే నంబరుతోనా?"

"దొంగ సీళ్ళు దొరకవా?"

"సరే, దొరికాయి. మరి పెయింటో? అక్కడ శిథిలాల్లోంచి మూడు శవాలు తీస్తుంటే, నీ ముద్దాయి ఇక్కడ బ్రష్షు పట్టుకుని రెండో పూత వేసి, విసనకర్రతో ఆరబెట్టాడంటావు."

వాడు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. లేచేటప్పటికి మొహంలో రంగు మారింది గాని, గొంతు మారలేదు.

"ఒప్పుకున్నాడు బావా. ఇవాళ పొద్దున కాగితం మీద సంతకం పెట్టాడు."

"ఎలా పెట్టాడు?"

"పెన్నుతో."

వాల్వ్‌మన్ భార్య వాడి వైపు ఒక్క చూపు చూసింది. వాడు టోపీ సర్దుకున్నాడు.

"అతన్ని ఒకసారి చూడనివ్వు," అన్నాను.

"కోర్టులో చూడు." ఆ మాట అంటున్నప్పుడు వాడు నా కళ్ళలోకి చూడలేదు. తొమ్మిదేళ్ళ క్రితం ఇలాంటి సంతకాలు చూడలేకే నేను బయటికి వచ్చానని వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

"నువ్వు పెయింటు చూపిస్తావు, వాళ్ళు గ్రాఫు చూపిస్తారు," అన్నాడు వాడు. "రంగురంగుల గ్రాఫు. మేజిస్ట్రేటు దేన్ని నమ్ముతాడు? పైనుంచి గంటకో ఫోను వస్తోంది నాకు. ఒక్కటి చెప్పు, ఆ ఇరవై అయిదు ఎక్కడి నుంచి వచ్చింది? చెబితే వాణ్ణి జీపెక్కించను. చెప్పలేకపోతే ఇంటికెళ్ళి అక్కకి కూరలు తరిగిపెట్టు."

"మాట తప్పవు కదా?"

"నేను తప్పను. నువ్వు ముందు తెచ్చి చూపించు."

వాచీ చూసుకున్నాను. 1:35.

*

గ్యాస్ కంపెనీ ప్లానింగ్ ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. వాల్వ్‌మన్ మీద గ్రాఫు గీసిన ఇంజనీరు ఒక అమ్మాయి, ముప్ఫై దాటి ఉండదు. ఫీల్డులో పనిచేసేవాళ్ళు ఆమెకి పెట్టిన పేరు చుక్కలమ్మ. ఊరంతా ఆమె కంప్యూటర్లో చుక్కలూ గీతలుగా ఉంటుంది మరి. వెలుతురు పడకుండా కిటికీ తెర దించేసి, రెండు స్క్రీన్ల ముందు కూర్చుని ఉంది. బల్ల మీద టిఫిన్ డబ్బా మూత తీయకుండా అలాగే ఉంది. అది ఇవాళ్టిదేనా, నిన్నటిదా అని అనుమానం వచ్చింది నాకు.

"రిపోర్టు ఇచ్చేశాం కదండీ," అంది నేనెవరో చెప్పగానే.

"చదివాను, అర్థం కాలేదు. అయిదో క్లాసు పిల్లాడికి చెప్పినట్టు చెప్పండి."

చెప్పింది. తన పని గురించి చెబుతుంటే గొంతులో ప్రాణం వచ్చింది. "నేల కింద ఉన్న ప్రతి పైపూ ఇందులో ఉంటుంది సార్. పొడుగెంత, లావెంత, దేనితో చేసింది, ఏ ఏడు వేసింది. ఇళ్ళున్న చోట చుక్కలు. ఏ ఇల్లు ఏ వేళకి ఎంత వాడుతుందో ఇస్తే, ఏ చుక్క దగ్గర ఎంత ప్రెషర్ ఉండాలో ఇది లెక్క కట్టి చెబుతుంది. దీన్నే మోడల్ అంటాం."

"ఆ లెక్క నిజమని ఎలా తెలుస్తుంది?"

"అప్పుడప్పుడు సర్వే చేస్తాం. వీధుల్లో రికార్డర్లు పెట్టి, అవి చూపించింది, మోడల్ చెప్పింది పక్కపక్కన పెట్టి సరిచూస్తాం."

"రెండూ కలవకపోతే?"

బల్ల మీద పెన్సిల్ని తీసి, అక్కడే మళ్ళీ పెట్టింది. "కలిసేదాకా సరిచేస్తాం."

"దేన్ని? ఊరినా, లెక్కనా?"

"లెక్కని."

"ఆ పేలిన వీధి చూపించండి."

గీతలు పెద్దవయ్యాయి. రెగ్యులేటర్ పెట్టె నుంచి బయల్దేరిన పైపు 416, మలుపు దాటాక 417. దర్జీ ఇల్లు 417 మీద చుక్క. మూడు రోజుల క్రితం ఆ చుక్క వెనక మనుషులుండేవాళ్ళు.

"416 మీద నొక్కండి. అందులో ఉన్నదంతా చదవండి."

"ప్లాస్టిక్. ఆరేళ్ళ క్రితం వేశారు. గరుకు 0.01."

"గరుకంటే?"

"పైపు లోపలి గోడ ఎంత గరుగ్గా ఉందనేది, మిల్లీమీటర్లలో. గోడ గరుగ్గా ఉంటే గ్యాస్ రాసుకుంటూ పోతుంది, ప్రెషర్ పడిపోతుంది. ప్లాస్టిక్ పైపు అద్దంలా ఉంటుంది, పెద్దగా పడదు."

"ఇప్పుడు 417."

ఆమె వేలు మౌస్ మీద ఆగిపోయింది. నేనే చెయ్యి చాచి నొక్కాను. ప్లాస్టిక్. ఆరేళ్ళు. గరుకు 3.5.

"ఒకే ఏడు, ఒకే రకం పైపు," అన్నాను. "ఒకటి అద్దం. రెండోది నలభై ఏళ్ళు తుప్పు పట్టిన ఇనుము. అమ్మాయ్, ప్లాస్టిక్కి తుప్పెప్పుడు పట్టింది?"

నేను తొందరపెట్టలేదు. గడియారం మాత్రం తొందరపెడుతోంది, 2:20.

"పోయిన నెల సర్వే సార్," అంది చివరికి. "పద్దెనిమిదో తారీకు మధ్యాహ్నం రెండింటికి, ఆ వీధి చివర మోడల్ తొంభై తొమ్మిది చెప్పింది. రికార్డర్ తొంభై అయిదు చూపించింది. నాలుగు తేడా. మూడు రోజులు వెతికాను. ఎంత వెతికినా ఆ నాలుగు దొరకలేదు. రిపోర్టు మర్నాడు వెళ్ళాలి. పెద్దసారు వచ్చి, ఆ పైపుకి కాస్త గరుకు వేసెయ్యమ్మా అన్నారు."

"వేసెయ్యడమా? పప్పులో ఉప్పా అది?"

"ఈ ఆఫీసులో అలాగే అంటారు సార్. ఏదీ కలవనప్పుడు ఆఖరికి గరుకు వేస్తారు. నేను చేరిన రోజు నేర్పిన పనుల్లో ఇదొకటి. పైపు గరుగ్గా ఉందనుకుంటే ప్రెషర్ తగ్గుతుంది, రెండు అంకెలూ కలుస్తాయి, రిపోర్టు వెళ్ళిపోతుంది."

"అది కాక ప్రెషర్ ఇంకెందుకు తగ్గుతుంది?"

తల ఎత్తలేదు. "మనకి తెలియని చోటికి గ్యాస్ పోతుంటే."

"అంటే లీకు."

"అవును సార్."

నెల రోజులు. నెల రోజుల పాటు 417 నుంచి గ్యాస్ మట్టిలోకి కారి, మట్టిలోంచి దర్జీ ఇంటి నేల కిందికి చేరింది. మరి వాసన ఎందుకు రాలేదని అడిగాను. బంకమట్టిలోంచి పోతే గ్యాస్‌కి కలిపిన వాసన మట్టే పీల్చేసుకుంటుందని చెప్పింది. మంగళవారం పొద్దున ఆ ఇంట్లో ఎవరో స్టవ్ వెలిగించబోయి ఉంటారు.

"ఇంతకీ ఆ ఇరవై అయిదు?"

"అది నా పుణ్యమే," అంది. కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. "సర్వే రోజు మధ్యాహ్నం వాడకం తక్కువ. దానికి సరిపోయేలా గరుకు వేశాను. పొద్దున ఆరింటికి స్టవ్‌లు, గీజర్లు అన్నీ వెలుగుతాయి, వాడకం మూడింతలవుతుంది. గరుకు పైపులో అంత గ్యాస్ పోతే ప్రెషర్ దారుణంగా పడాలి. మోడల్లో పడింది, యాభై అయిదుకి. నేల కింద అసలు పైపు నున్నగా ఉంది కదా, అందుకని నిజంగా ఎనభై కంటే కిందికి రాలేదు. ఎక్కువ వచ్చింది ఏమీ లేదు సార్. నేనే తక్కువ చూపించాను. నేను గీసిన గ్రాఫు చూపించి అతన్ని తీసుకెళ్ళారు."

"గరుకు తీసెయ్యి. అక్కడ లీకు పెట్టు. మళ్ళీ లెక్క కట్టించు."

417 ని మళ్ళీ అద్దం చేసింది. తొమ్మిదో ఇంటి దగ్గర కారుతున్నట్టు ఒక చుక్క పెట్టింది. బైపాస్ మూసే ఉంచింది. సర్వే రోజు మధ్యాహ్నం: తొంభై అయిదు. మంగళవారం ఉదయం 6:15: ఎనభై. రెండూ రికార్డర్‌తో అచ్చు గుద్దినట్టు కలిశాయి.

బావమరిదికి ఫోన్ చేశాను. "నీ ఇరవై అయిదు దొరికింది. వచ్చి తీసుకుపో."

*

వాడు 2:55కి వచ్చాడు. వాడి వెనకే పెద్దసారు కూడా వచ్చాడు. ఈ ప్లానింగ్ ఆఫీసుకి అధిపతి, ఇస్త్రీ నలగని చొక్కా, మెడలో కార్డు. వస్తూనే ఒంటికాలి మీద లేచాడు.

"ఎవరి అనుమతితో కూర్చున్నారు ఇక్కడ? అమ్మాయ్, స్క్రీన్ ఆపెయ్. ఇన్‌స్పెక్టర్ గారూ, ఇది కంపెనీ రహస్యం. అయినా సాఫ్ట్‌వేర్ అన్నాక అదొక అంచనా మాత్రమే. దాన్ని పట్టుకుని ఎవరేమన్నా..."

"మొన్న అది సాక్ష్యమన్నారే," అన్నాను. "వాల్వ్‌మన్‌ని పట్టుకోవడానికి సాక్ష్యం, మిమ్మల్ని అడిగితే అంచనానా?"

బావమరిది నన్ను దాటుకుని స్క్రీన్ ముందు నిలబడ్డాడు. చుక్కలమ్మ మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఈసారి ఏడవలేదు. వాడు రెండుసార్లు అడ్డం వచ్చి అడిగాడు. రెండూ మంచి ప్రశ్నలే. బుర్ర లేనివాడు కాదు నా బావమరిది, అదే నా బాధ.

"లీకు ఉందేమోనని నువ్వు ఎవరికీ చెప్పలేదా?" అన్నాడు.

"రాశాను సార్. ప్రతి పైపుకీ ఇందులో ఒక రిమార్కు గడి ఉంటుంది. నాలుగు తేడా ఎందుకో తెలియదు, లీకు ఉందేమో తవ్వి చూడాలి అని రాశాను. మర్నాటికి అది లేదు. చెరిపేశారో, నేనే సేవ్ చేయలేదో..." ఆగి, పెద్దసారు వైపు చూసి, మళ్ళీ స్క్రీన్ వైపు తిరిగింది. "ఏది ఎప్పుడు మారినా ఇందులో చరిత్ర ఉండిపోతుంది. భయమేసి ఇన్నాళ్ళూ తెరవలేదు."

తెరిచింది. రెండు వరుసలు. ఇరవై ఒకటో తారీకు సాయంత్రం 5:20, రిమార్కు రాసినది, ఆమె పేరు మీద. 5:42, రిమార్కు చెరిపినది. ఈ రెండో వరుసలోని పేరు పెద్దసారు మెడలోని కార్డు మీద కూడా ఉంది.

పెద్దసారు గొంతు తగ్గించి, నాతో కాదు, ఆ అమ్మాయితో అన్నాడు. "రెండు అంకెలు కలవని ప్రతిచోటా తవ్వాలంటే ఊళ్ళో రోడ్డనేది మిగులుతుందా? ముప్ఫై ఏళ్ళుగా ఇలాగే చేస్తున్నాం. ఎప్పుడూ ఏమీ కాలేదు."

"మాట నిలబెట్టుకో," అన్నాను బావమరిదితో.

వాడు జేబులోంచి ఫోన్ తీశాడు. కోర్టు జీపు ఆపమని చెబుతాడనుకున్నాను. వాడు నోరు తెరిచేలోపే చుక్కలమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"సార్, ఇదొక్కటే కాదు."

"ఏది?"

"గరుకు వేసిన పైపు." కీబోర్డు మీద వంగి ఏదో కొట్టింది. ప్లాస్టిక్ పైపులు, గరుకు ఒకటి దాటినవి. స్క్రీన్ మీద పదకొండు వరుసలు వచ్చాయి. వేలితో ఒక్కొక్కటే దిగుతూ వచ్చింది. తేడా ఒకటి. తేడా ఒకటిన్నర. తేడా రెండు. 417, తేడా నాలుగు. చివరి వరుస దగ్గర వేలు ఆగింది.

"902. తేడా తొమ్మిది."

"ఎప్పటి సర్వే?" అన్నాను.

"అయిదు వారాలైంది."

"అది ఎక్కడ?"

"నర్సుల హాస్టలు సందు. నాలుగంతస్తులు."

పెద్దసారు కుర్చీ పట్టుకుని కూర్చున్నాడు. "నాలుగింటికి ప్రెషర్ పెంచుతారు," అన్నాడు, ఎవరితోనో తెలియనట్టు. "చలికాలం. సాయంత్రం వాడకం ఎక్కువ కదా, దానంతటదే పెరిగేట్టు పెట్టాం."

"ఆపించండి!"

కంట్రోల్ రూముకి ఫోన్ చేసి ఆపించాడు. కానీ పెంచడం ఆపితే కారడం ఆగదు. సందు మొదట్లో చేత్తో తిప్పే వాల్వ్ ఒకటి ఉంది, దాన్ని మూయాలి. ఫీల్డు మేస్త్రీకి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు.

"ఆ వాల్వా సార్?" అన్నాడు మేస్త్రీ. "పోయిన ఎండాకాలం రోడ్డు వేసినప్పుడు మూత మీంచి తారు పోసేశారు. మ్యాపులో ఎడమపక్క ఉంది, అక్కడ తవ్వితే దొరకలేదు."

"పైన పెద్ద వాల్వ్ ఆపితే?"

"అది తిరగడానికే రెండు గంటలు. తర్వాత కూడా పైపుల్లో మిగిలిన గ్యాస్ కారుతూనే ఉంటుంది. సందు వాల్వే మూయాలి. అది ఎక్కడుందో తెలిసినవాడు ఒక్కడే సార్. అతన్నే కదా మీరు లోపలేశారు."

బావమరిది అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

*

స్టేషన్ గోడ మీద గడియారం 3:31. వాల్వ్‌మన్ భార్య మళ్ళీ మెట్ల మీదికి వచ్చి కూర్చుంది. మమ్మల్ని చూసి లేచింది. ఏమీ అడగకుండా మా వెనకే లోపలికి వచ్చేసింది. ఎవరూ ఆపలేదు.

లాకప్‌లో అతను గోడకి ఆనుకుని, కాళ్ళు రెండూ బారజాపుకుని కూర్చున్నాడు. బక్కపలచని మనిషి. అరికాళ్ళు నల్లగా కమిలి, వాచి, చీలి ఉన్నాయి. ఆవిడ నోరు చేత్తో మూసుకుంది. ఒప్పుకోలు మీద సంతకం పెన్నుతో ఎలా పడిందో నాకు తెలిసింది. ఆ క్షణంలో నా బావమరిదిని గొంతు పట్టుకోవాలనిపించింది. వేళ లేదు, అందుకే పట్టుకోలేదు.

"నర్సుల హాస్టలు సందులో వాల్వ్ ఎక్కడ?" అన్నాను. "అక్కడ లీకు ఉంది. పెద్దది."

నేనెవరో, నన్నెవరు పంపారో అడగలేదు అతను. అతని మొహంలో భయం వచ్చింది. తన గురించి కాదు.

"ఎన్నాళ్ళుగా?"

"అయిదు వారాలుగా."

"హాస్టలుకి ముందు ఫోన్ చేయండి సార్. ఆ పిల్లలందర్నీ మెట్ల మీంచి దించమనండి. లిఫ్ట్ ఎక్కొద్దు. లిఫ్ట్ కింద గొయ్యి ఉంటుంది, గ్యాస్ అక్కడ చేరుతుంది. ఏ స్విచ్చీ ముట్టుకోవద్దు. వేసింది వేసినట్టు, ఆపింది ఆపినట్టు వదిలేసి బయటికి రమ్మనండి."

కానిస్టేబులు ఫోన్ అందుకుని నంబరు నొక్కాడు.

"వాల్వ్ ఎక్కడ?" అన్నాడు బావమరిది.

"హాస్టలు గేటు స్తంభం నుంచి రోడ్డుకి అడ్డంగా, నా అడుగుల్లో పదకొండు. అక్కణ్ణుంచి చూస్తే ఎదురింటి పిట్టగోడ మూల సరిగ్గా కరెంటు స్తంభానికి ఆనినట్టు కనపడాలి. మీరు కొలిస్తే దొరకదు సార్, తారు తవ్వుకుంటూనే ఉంటారు. నేనే రావాలి."

గోడ పట్టుకుని లేచాడు. ఎడమకాలు నేలకి ఆనించాడు. చిన్న చప్పుడు కూడా చేయకుండా కూలబడ్డాడు. ఇంకోసారి లేవబోయాడు. మళ్ళీ కూలబడ్డాడు.

నేను వంగబోయాను. నా బావమరిది చేత్తో నన్ను పక్కకి నెట్టాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. లాకప్‌లోకి వెళ్ళి, అతనికి వీపు చూపిస్తూ, మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఎక్కు," అన్నాడు.

వాల్వ్‌మన్ కదల్లేదు. ఆ ఖాకీ వీపుని చూస్తూ ఉండిపోయాడు. నిన్న ఆ మనిషి అతనికి ఏ వైపు నుంచి కనపడ్డాడో నేను ఊహించుకోగలను. భార్య వైపు చూశాడు.

"ఎక్కండి," అంది ఆవిడ. "ఆ పిల్లలేం చేశారు పాపం. వీళ్ళ సంగతి తర్వాత చూద్దాం. నేను చూస్తాను."

అతను చేతులు రెండూ ఇన్‌స్పెక్టరు మెడ చుట్టూ వేశాడు. వాడు లేచి నిలబడి, లాకప్ గడప దాటి, జీపు వైపు పరుగు తీశాడు. వెనక తలుపు నేను తీసి పట్టుకున్నాను. ఆవిడ ముందే ఎక్కి కూర్చుని, అతని కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుంది.

జీపు కదులుతుండగా కానిస్టేబులు ఫోన్ చెవికి పెట్టుకునే బయటికి పరుగెత్తుకొచ్చాడు.

"రింగవుతోంది సార్," అని అరిచాడు. "ఎవరూ ఎత్తడం లేదు."